మంగళవారం రెండింటికి

హిల్కా కీబోర్డును తలకిందులు చేసి వెనక అరచేత్తో తట్టింది. రొట్టె పొడి, పంచదార పలుకులు, ఒక పిల్లి వెంట్రుక బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ మీద రాలాయి. మెత్తటి బ్రష్షుతో మీటల సందులు తుడిచి, మరలను ఒక్కొక్కటిగా అయస్కాంతపు పళ్లెంలోంచి తీసి బిగించసాగింది. ఆమె వేళ్లు పొట్టివి, మొద్దువి. కుడి చూపుడువేలి కొసన పాత కాలిన మచ్చ, గోరు సగం వరకూ తెల్లగా ఉంటుంది. ఆ చేతుల్ని చూసినవాళ్లెవరూ గోధుమగింజంత మరని అవి పట్టుకోగలవని అనుకోరు.

యాభైతొమ్మిదేళ్ల హిల్కా ఇరవైరెండేళ్లు ఒక కర్మాగారంలో భూతద్దం కింద టంకం వేసింది. కర్మాగారం చవక కూలీ దొరికే దేశానికి తరలిపోయిన రోజున అందరికీ తలా ఒక గోడగడియారం ఇచ్చి పంపారు. నలభైఐదేళ్ల వయసులో, సగం వయసువాళ్ల మధ్య కూర్చుని కంప్యూటర్లు బాగుచెయ్యడం నేర్చుకుంది. రౌమా అనే రేవు ఊళ్లో, బస్టాండు ఎదుట, ఒకప్పటి చెప్పుల దుకాణంలో బల్ల వేసుకుంది. పద్నాలుగేళ్లయింది. వానాకాలంలో గోడల్లోంచి ఇప్పటికీ తోలు వాసన వస్తుంది.

ఎవరు ఏది తెచ్చినా ఆమె అనేది ఒకటే మాట. "చూద్దాం." బాగవుతుందని అనదు, కాదని అనదు.

పన్నెండున్నరకు తలుపు తోసుకుని తౌనో వచ్చాడు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. డెబ్బైఎనిమిదేళ్లుంటాయి. మార్చి ఎండకి, మంచు మీద నుంచి ఎగిరొచ్చే వెలుగుకి ముఖం ఇటుక రంగులోకి తిరిగింది. కళ్లద్దాలున్నచోట మాత్రం పాలిపోయి ఉంది. లాప్‌టాపును తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఇది చచ్చింది," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్న గడ్డకట్టిన సముద్రం మీదికి చేపలకెళ్లే ముందు నొక్కాను. నల్లగా ఉంది. వచ్చాక నొక్కాను. నల్లగానే ఉంది. లోపల మాత్రం ఏదో గుయ్యిమంటోంది."

"ఏమైనా ఒలికిందా? కింద పడిందా?"

"నా చేతిలోంచి ఇంతవరకూ ఏదీ పడలేదు. మొబైలు తప్ప. అది పోయినవారం చేపల కోసం మంచులో తొలిచిన కన్నంలో పడి సముద్రంలోకెళ్లిపోయింది." ఆయన గోడగడియారం చూశాడు. "రెండింటికల్లా కావాలి. మా తమ్ముడు ఫోన్ చేస్తాడు."

"చూద్దాం," అంది హిల్కా.

ఆమె బటను నొక్కింది. అంచున చిన్న తెల్లదీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ లేదు. బల్ల దీపం, కిటికీ, తన ముఖం తప్ప ఏమీ కనబడలేదు. వెలుగు పెంచే మీట నొక్కింది. తీగ పీకి, అడుగు రేకు విప్పి, బ్యాటరీ వేరుచేసి, బటనును ముప్ఫై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంది. మిగిలిన కరెంటు అంతా దిగిపోతే కొన్ని మళ్లీ లేస్తాయి. ఇది లేవలేదు. మెమరీ ముక్కను ఊడదీసి, అంచు తుడిచి, టక్కుమనేదాకా మళ్లీ కూర్చోబెట్టింది. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది. అంతే.

తౌనో కోటు విప్పలేదు. బల్లకు అటువైపు నిలబడి ప్రతి మరనూ కళ్లతో లెక్కపెడుతున్నాడు.

"మా ఓస్మో అక్కడ యేవ్లేలో ఉంటాడు," అన్నాడు, ఆమె అడక్కుండానే. "సముద్రానికి సరిగ్గా అవతలొడ్డు. పద్దెనిమిదేళ్లప్పుడు కాగితం మిల్లులో పనికని ఓడెక్కాడు. రెండేళ్లలో వస్తానన్నాడు వెధవ. యాభైఆరేళ్లయింది. ఇప్పుడు మంచంలో ఉన్నాడు. లివరు. ప్రతి మంగళవారం మాట్లాడుకుంటాం. చేపలెన్ని పట్టావంటాడు. ఎన్ని చెప్పినా అబద్ధమంటాడు."

"మీకు నంబరు తెలిస్తే నా ఫోన్లోంచి చెయ్యండి."

"నంబరెవడికి గుర్తు? అన్నీ అందులోనే ఉన్నాయి." ఆయన గడ్డంతో నల్లటి తెరను చూపించాడు.

హిల్కా సొరుగులోంచి టార్చి తీసి, బల్ల దీపం ఆర్పింది. టార్చిని తెరకు ఆనించి, ఏటవాలుగా వంచి చూసింది. నలుపు లోపల, చెరువు అడుగున రాయి కనిపించినట్టు, బూడిదరంగులో ఒక గీత కనబడింది. ఇంకొంచెం జరిపితే తెరపై ఏదో పెట్టె. అందులో తౌనో పేరు.

"చావలేదు. లోపల అంతా నడుస్తోంది. తెర వెనకుండే దీపం పోయింది, అందుకే మనకు కనబడట్లేదు. కొత్త తెర రావాలంటే గురువారం అవుతుంది. కానీ వేరే మానిటరు తగిలిస్తే ఇవాళ్టికి గడుస్తుంది. ముందు పాస్‌వర్డు కొట్టండి."

తౌనో కాస్త సిగ్గుపడ్డాడు. "నేను పెట్టింది కాదు. వాడే కొనిచ్చి, వాడే పెట్టాడు."

"నేను చూడనులెండి."

"చూసినా ఏముందిలే. 'తౌనో గాడిద' అని. అక్షరాలన్నీ కలిపి."

ఆమె నవ్వింది. టార్చి పట్టుకుంటే ఆయన ఒంటి వేలితో, ఒక్కో అక్షరాన్నీ వెతికి, క్రేను కొక్కెం దించినంత జాగ్రత్తగా నొక్కాడు. మూడోసారికి పెట్టె మాయమై, బూడిదరంగులో ఓడ బొమ్మలాంటిదేదో తేలింది.

హిల్కా మానిటరు కోసం వెనక గదిలోకి వెళ్లింది. దాన్ని రెండు చేతులతో ఎత్తుతుండగా లాప్‌టాపు మోగింది.

"వాడే!" తౌనో అరిచాడు. "అమ్మాయ్, ఎత్తు! ఎత్తు!"

ఆమె మానిటరును నేలమీద దించి పరుగెత్తింది. నల్లటి తెర మోగుతోంది. టార్చి వెలుగు అరచేతి మేర మాత్రమే పడుతోంది. ఎత్తే బటను కింద ఉందో మూలన ఉందో తెలియదు. పాయింటరు బాణం ఎక్కడుందో అసలే తెలియదు. ఆమె వేలితో తోస్తూ టార్చి జరిపింది. వెలుగు ఒకచోట, బాణం ఇంకోచోట. ఒక గుండ్రటి ఆకారం దొరికింది. బాణం దాని మీదికి వచ్చిందనుకుని నొక్కింది. ఇంకేదో తెరుచుకుంది. ఇంకా మోగుతోంది. తౌనో తెర మీదికి వంగి, "ఒరేయ్ ఉండు, ఉండరా, ఇక్కడే ఉన్నాను," అంటున్నాడు.

మోత ఆగిపోయింది.

గడియారంలో ఒంటిగంటా పది.

"రెండింటికి కదా చేసేది," అన్నాడు తౌనో మెల్లగా. "ఇప్పుడెందుకు చేశాడు?"

హిల్కా టార్చి ఆర్పింది. నాలుగేళ్ల కిందట, షిప్‌యార్డులో వెల్డరుగా చేసిన తన భర్త పెర్తి ఆస్పత్రిలో ఊపిరికి పెనుగులాడుతున్నప్పుడు, అక్కడ ఆమె చేతులకు పని ఉండేది కాదు. దుప్పటి సర్దేది, నీళ్లగ్లాసు జరిపేది, మళ్లీ దుప్పటి సర్దేది. అది భరించలేక రోజూ మధ్యాహ్నం దాకా దుకాణం తెరిచేది. అతను పోయిన ఉదయం ఎవరిదో లాప్‌టాపుకి ఫ్యాను మారుస్తోంది. నాలుగు మరలు. ఆస్పత్రి నుంచి ఫోను మోగినప్పుడు మూడోది బిగిస్తోంది. అది పూర్తిగా బిగించాకే ఎత్తింది. ఆ సంగతి ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె మానిటరును తెచ్చి బల్లమీద పెట్టింది. దాని తీగ లాప్‌టాపు రంధ్రానికి సరిపోలేదు. మధ్యలో ముక్క ఒకటి కావాలి. సొరుగు మొత్తం బల్లమీద బోర్లించి వెతికింది. మొదటిది పట్టలేదు. రెండోది పట్టింది గాని మానిటరు మేలుకోలేదు. మూడోది అట్టపెట్టె అడుగున, పాత చార్జర్ల చిక్కులో దొరికింది.  రంధ్రంలోకి దూర్చబోతే రెండుసార్లు తప్పి, మూడోసారికి కూర్చుంది.

మానిటరు నీలంగా మెరిసింది. ఓడ బొమ్మ వచ్చింది. దాని మూలన, ఎత్తని పిలుపులు తొమ్మిది అని ఉంది. మొదటిది పొద్దున్న ఏడున్నరకు.

తౌనో ఆ అంకె చూశాడు. హిల్కా కూడా చూసింది. 

"నేను వాడికొకటి తెచ్చాను," అన్నాడాయన. కోటు లోపలి నుంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీసి విప్పాడు. ఆల్డరు చెట్టు కట్టెల పొగ మీద కాల్చిన చేప. ముదురు బంగారు రంగులో, మూరెడు పొడవుంది. "నిన్న పట్టాను. కిలో పైనే. చెబితే నమ్మడు, కెమెరాలో చూపిద్దామని."

ఆమె ఎత్తుపీట లాగి ఇచ్చింది. ఆయన కూర్చుని, తల చేత్తో దువ్వుకున్నాడు. ఆమె పిలుపు బటను నొక్కి పక్కకు తప్పుకుంది.

అవతల వెంటనే ఎత్తారు. ఓస్మో కాదు. నలభైఐదేళ్ల స్త్రీ, జుట్టు చెదిరి ఉంది.

"పెదనాన్నా," అందామె. "పొద్దుట్నుంచీ చేస్తున్నాం. ఎక్కడికెళ్లావు?"

"ఇది పాడైంది పీయా. తెర వెలగలేదు. ఉండు, ఇదిగో…" ఆయన అప్పటికే చేపను రెండు చేతులతో పైకెత్తాడు. కెమెరా లాప్‌టాపు మీద ఉంది, ఆయన చూసేది మానిటరు వైపు. అందువల్ల చేప కొంచెం పక్కకు పోయింది. "వాడిని పిలువు. చూపించాలి."

"అదేంటి పెదనాన్నా?"

"చేప."

పీయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఆమె భుజాలు మాత్రమే కదిలాయి.

"ఆరింటికి పోయాడు," అంది చివరికి. "నొప్పి లేదు. నిద్రలోనే. రాత్రి పడుకునేటప్పుడు, రేపు మంగళవారమా అని అడిగాడు."

తౌనో చేపను దించలేదు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. హిల్కాకు ఆయన ముఖం పక్కనుంచే కనబడుతోంది.  ఏదైనా బిగించాలి, ఏదైనా ఊడదీయాలి, ఏదైనా తుడవాలి. ఆమె చేతులు బల్లమీద ఊరికే వెతికాయి. ఏమీ దొరకలేదు. చివరికి ముందుకు వంగి, ఆయన చేతుల్లోంచి చేపను మెల్లగా తీసుకుని కాగితం మీద పెట్టింది.

"ఆరింటికి నేను మంచు మీదే ఉన్నాను," అన్నాడు తౌనో. "ఆ ఒడ్డువైపే చూస్తూ కూర్చున్నాను. ఏమీ తెలియలేదు."

"ఎలా తెలుస్తుంది పెదనాన్నా."

"అవును. ఎలా తెలుస్తుంది."

వాళ్లు ఇంకాసేపు మాట్లాడుకున్నారు. ఖననం పై శుక్రవారం. అంతదూరం రాలేకపోతే కెమెరాలో చూపిస్తానని పీయా అంది. తెర ఆరిపోయాక కూడా తౌనో మానిటరు ముందు అలాగే కూర్చున్నాడు. హిల్కా ఫ్లాస్కులోంచి కాఫీ పోసి పక్కన పెట్టింది. ఆయన అది చల్లారేదాకా ఉండి, ఒక్క గుక్కలో తాగేశాడు.

"గురువారం అన్నావు కదా, కొత్త తెర."

"గురువారం. నేనే ఇంటికి తెచ్చి పెడతాను." ఆమె ఆగింది. బస్సు ఇంజను బయట గుర్రుమంటోంది. "తప్పకుండా బాగవుతుంది," అంది. పద్నాలుగేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

తౌనో తలూపి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ, ఒకటి తప్పించి పెట్టుకుని, బయటికి నడిచాడు. రోడ్డు మీద కరిగిన మంచునీళ్లలో అడుగులు చూసుకుంటూ వేసి బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. దుకాణం వైపు చూడలేదు.

హిల్కా బల్ల దగ్గరికి వచ్చేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. ఊడదీసిన మరలు, తీగల చిక్కు, ఖాళీ కప్పు. వాటి మధ్య, పొగ వాసన వేస్తూ, విప్పిన వార్తాపత్రిక మీద చేప. దాని కింద నూనె మరక అక్షరాల్లోకి మెల్లగా పాకుతోంది.