పలక మీది పేర్లు

పలకను మోకాలికి ఆనించి, బలపంతో ఒక పేరు రాసి, తడిగుడ్డతో తుడిచి, మాలకొండయ్య దాన్ని పక్కన పేర్చాడు. గీత జారకుండా పడితే పలక మంచిదన్నట్టు. మార్కాపురం పలకల కొట్టంలో ముప్పైయేళ్లుగా అతని పని అదే. రాతిపొడికి కనుబొమలు బూడిదరంగు తిరిగాయి. కుడి బొటనవేలి చర్మం కాయ కాచింది.

"ఏంది మామా, రోజూ ఎవురెవురో ఆడోళ్ల పేర్లు రాస్తాండావు? అత్తకు చెప్పమంటావా?" పలకలకు చట్రాలు బిగిస్తున్న రోశమ్మ ఎగతాళి చేసింది.

"మగోళ్లవీ రాస్తాలేమ్మే."

ఆ పేర్లు ముప్పయ్యొకటి. ధాత ఏటి పెద్ద కరువులో అతని ఊరినుంచి రోడ్డుకు కంకర కొట్టడానికి పోయి తిరిగిరాని మనుషులవి. అప్పుడతనికి ఆరేళ్లు. అమ్మ లక్ష్మక్క కంకరకుప్ప మీదే ఒరిగిపోయింది. పెద్దయ్యాక వీధిబడిలో నాలుగక్షరాలు నేర్చి, ముసలివాళ్లను వెతికి వెతికి అడిగి, ఆ పేర్లు కూడబెట్టాడు. పాతకాలపు సంగతి ఎవరైనా చెబుతుంటే అతనికి అన్నం గుర్తుండదు. ఆ కరువు బడిపుస్తకంలోకి ఎక్కిందనీ, ఇవాళ ఆ పాఠమేననీ పొద్దున మనవరాలు సుబ్బులు చెప్పినప్పటినుంచీ అతని మనసు పనిమీద లేదు.

బడివాళ్లు రెండు డజన్ల పలకలు అడిగి ఉన్నారు. మాదిరికి నాలుగు చంకన పెట్టుకుని మధ్యాహ్నం తానే పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు. సుబ్బులే లేచి గొంతెత్తి చదువుతోంది.

"దొరతనమువారు రోడ్డుపనులు పెట్టించి, గంజి పోయించి, ప్రజలనందఱను కాపాడిరి. ఎవ్వరును ఆకలిచే చావలేదు. సోమరులు మాత్రము కష్టపడిరి."

పలకలు జారి బండమీద భళ్లున పగిలాయి. మాలకొండయ్య కిందికి చూడలేదు.

"ఇంకోసారి చదువు బిడ్డా."

చదివింది. అదే మాట.

"పలకల తాతకు గంజి కావాలంట!" అని వెనక వరసలో ఎవరో అరిచారు. బడంతా నవ్వింది. సుబ్బులూ నవ్వింది.

కరుణాకరం పంతులు బయటికొచ్చి పెంకులు ఏరసాగాడు.

"ఎవురూ చావలేదా అయ్యోరూ?"

"పుస్తకంలో అట్లుంది పెద్దాయనా. రేపు ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. నేను వేరే చెప్తే నా ఉద్యోగం ఊడుతాది."

"మా యమ్మ సోమరిది కాదయ్యా. సుత్తి చేతిలోనే ఉండింది."

పంతులు ఏరుతున్న చేయి ఆగింది.

మాలకొండయ్య కొట్టానికి తిరిగొచ్చి బడి పలకలు ముందేసుకున్నాడు. ఆ పేర్లు రాసినవి రాసినట్టే పేర్చాడు. పలకలు చాలక కొన్నింటికి రెండోవైపూ రాశాడు.

"తుడవవేంది మామా? రాసిన పలకలు ఎవురు తీసుకుంటారు?"

"ఇవి బడికి. ఇన్‌స్పెక్టరు ముందర చదవనీ పిల్లోళ్లు."

రోశమ్మ నీళ్లు తాగి వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. అలిసినాడనుకుంది. భుజం తడితే తల పక్కకు వాలింది, ఊపిరి లేదు. ఒళ్లో చివరి పలక, దానిమీద మూడు అక్షరాలు, లక్ష్మక్క. ఆమెకు చదువు రాదు. అయినా ఆ పలకను కొంగు తగలకుండా తీసి, మిగతావాటి పైన పెట్టింది.

పొద్దున బండి ఆ పలకలను ఉన్నవున్నట్టే బడికి మోసుకుపోయింది. అతను కూర్చునే చోట, ముప్పైయేళ్లుగా తడారని గుడ్డ, అతని చెయ్యి పిండిన మడతలు అట్లాగే నిలిచి, ఎండి బిరుసెక్కి ఉంది.