సన్నగీతలు నిలవని పేరు

షార్జా అల్ నహ్దాలోని ప్రింటింగ్ షాపులో కృపారాణికి పొద్దున్నే మొదటి పని, ముందురోజు తీసిన నమూనా కార్డులు చూసుకోవడం. వచ్చేవాళ్లంతా ఎక్కువగా అడిగేది ఒకటే ఫాంటు. నిలువుగీత బొద్దుగా, అడ్డగీత తలవెంట్రుకంత సన్నగా, కొసలు సూదిమొనల్లా ఉంటాయి. అత్తరు పెట్టె మీదా పెళ్లికార్డు మీదా పెద్దగా వేస్తే ఆ దర్జాయే వేరు. చిన్నగా వేస్తే కళ్లకి ఆనదు. దానితో ఇంకో పేచీ ఉంది. మనసు లేని మాటను ఆ సన్నగీతలు మోయవు, తెల్లారేసరికి రాలిపోతాయి. షాపు ఊడ్చే హుస్సేనమ్మ వాటిని దుమ్ముతో పాటే ఎత్తి పారబోసేది. "ఫాంటు మార్చు, ఖలాస్" అనేవాడు మేనేజరు, అక్కడి మాటలో ముదీర్. బొద్దు అక్షరాలు దేన్నయినా మోస్తాయి మరి.

2021లో జ్ఞానరాజు తన చెల్లెలు లీదియా పెళ్లికార్డు పని అప్పగించాడు. నర్సు లీదియా, కృప ఒకే గదిలో ఉండేవాళ్లు. కృపకి ఈ ఉద్యోగం ఇప్పించింది జ్ఞానరాజే.

మర్నాడు ఆ ఫాంటులో వేసిన నమూనా చూస్తే పెళ్లికొడుకు ఐజక్ పేరు చెక్కుచెదరలేదు. లీదియా పేరులో మాత్రం ఇంగ్లీషు ఎల్‌కి పాదం లేదు. వైకి ఒక చెయ్యి ఊడింది. డి రెండు ముక్కలైంది. చివరి ఏ ఒంటికాలి మీద నిలబడింది.

"నీకీ పెళ్లి ఇష్టమేనా?" అని ఒక్క మాట అడగాలని కృప ఫోను తీసింది. ఈలోగా జ్ఞానరాజు వచ్చేశాడు.

"అయిందా అమ్మా? మధ్యాహ్నానికల్లా పాస్టరుగారికి ఇవ్వాలి."

కృప ఫోను పక్కన పెట్టింది. "ఫాంటు మారుస్తాను, అన్నా. బొద్దుగా ఉంటే పెద్దవాళ్లకి బాగా కనిపిస్తుంది."

"నీ చేతిలో పెట్టాక నాకు బెంగేముంది!"

పెళ్లయ్యాక లీదియా అబుదాబి దాటాక ఎక్కడో ఉన్న రువైస్‌లో ఐజక్ కంపెనీ క్వార్టర్స్‌కి వెళ్లిపోయింది. ఐజక్ చెడ్డవాడేం కాదు, ఉద్యోగం మాత్రం మానమన్నాడు. ఫోన్లో లీదియా మాటలు తగ్గుతూ తగ్గుతూ చివరికి "బాగున్నా"కి వచ్చి ఆగాయి. ఆ మాట విన్న ప్రతిసారీ కృపకి అన్నం సహించేది కాదు.

రెండేళ్లకి లీదియా అన్నని చూడ్డానికి షార్జా వచ్చి, సాయంత్రం రువైస్ బస్సెక్కేముందు షాపులో కూర్చుంది.

"కృపా, నా కార్డు ఆ సన్నగీతల ఫాంటులో ఎందుకు వెయ్యలేదే? అదే కావాలని అన్నయ్యతో చెప్పి పంపానుగా."

కృప పాత ఫైలు తీసి, కార్డు అచ్చు వేసి చేతిలో పెట్టింది. ఈసారి తెల్లారేదాకా పట్టలేదు. లీదియా పేరులోని గీతలు ఒక్కొక్కటే ఆమె ఒళ్లో రాలాయి.

"నువ్వు అప్పుడే చూశావా?"

"చూశాను."

"నాకు నేనే చెప్పుకోలేదు కృపా. నువ్వు అడిగుంటే చెప్పేదాన్నేమో."

లీదియా చున్నీ దులుపుకుని వెళ్లిపోయింది. రువైస్ బస్సు మాత్రం ఎక్కలేదు. కొన్ని నెలలకి అబుదాబిలో మళ్లీ నర్సుగా చేరింది. కృప ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఒకరోజు జ్ఞానరాజు షాపుకొచ్చాడు. మనిషి సగమయ్యాడు. "మాతో మాట్లాడ్డం మానేసిందమ్మా. నీకైనా ఫోన్ చేస్తోందా?"

"లేదన్నా."

"ఎందుకో తెలుసా నీకు?"

కృప అతని వైపు కుర్చీ జరిపింది. "తెలుసన్నా. కూర్చోండి, చెప్తాను."