ఎవరినీ అడగని రోడ్డు

పదకొండు దాటింది. రైసుమిల్లు సిమెంటు కల్లం పెనంలా కాలుతోంది. అన్నమ్మ చీర చెంగు నడుముకు బిగించి, పాదాలు ఈడుస్తూ, ఆరబోసిన ధాన్యంలో చాళ్ళు తీస్తోంది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక చాలు, అక్కడ తిరిగి పక్కనే ఇంకో చాలు. అడుగునున్న తడి గింజ పైకి రావాలి. పందొమ్మిదేళ్ళ పని. కళ్ళు మూసుకుని నడిచినా ఆమె చాలు వంకర పోదు. రోజుకు మూడు వందల యాభై. ధాన్యం నూగు వల్ల ఒంటికి పట్టే దురద మాత్రం మిల్లువాళ్ళు ఉచితంగా ఇస్తారు.

మేస్త్రీ కూర్మయ్య నీడలోంచి కేకేశాడు. మిషనుపేట ఆడవాళ్ళందరూ పని ఆపి చర్చి దగ్గర మీటింగుకు వెళ్ళాలట. వార్డు అభివృద్ధికి ప్లాను వేస్తున్నారట, అది ప్రజలే వెయ్యాలట. సగం రోజు కూలి కొయ్యరట. జగన్నాధం గారే చెప్పమన్నారట.

ఆ చివరి మాట దగ్గర అన్నమ్మ కాలు ఆగింది. జగన్నాధం గారు మిల్లు యజమాని. నీళ్ళు తాగడానికి వెళ్ళి పది నిమిషాలు ఆలస్యమైతే గంట కూలి కోసే మనిషి. అన్నమ్మ తల్లి పోయిన కబురు మధ్యాహ్నం రెండింటికి వస్తే, ఆ రోజుకి సగం కూలే వేయించి, పోయినామెకు మోక్షం కలగాలని కూడా అన్నాడు. అలాంటి మనిషికి పేట అభివృద్ధి మీద ఇంత మమకారం ఎప్పుడు పుట్టిందో ఆమెకు అంతు పట్టలేదు.

"బాబుగారికి ఎండదెబ్బ తగిలీసిందేటి?" అంది.

"కూకున్నదానికి కూలిస్తానంటే నీకు తగువేటి? ఎల్లు" అన్నాడు కూర్మయ్య.

వెళ్ళింది. దారిలో బోరింగు దగ్గర ఆగి కాళ్ళు కడుక్కుంది. రెండు వరసల ఇళ్ళ మధ్య ఉన్న ఆ చేతిపంపుని, ఆమె చిన్నప్పుడు మిషనువాళ్ళు వేయించారు. గొట్టాలు మోసినవాళ్ళలో ఆమె తండ్రి ఒకడు. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, అరగంట వస్తాయి. మిగతాదంతా ఈ బోరింగే. సాయంత్రం మిల్లు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ముందు ఇక్కడ నూగు వదిలించుకుని, ఆ తర్వాతే పిల్లల్ని ముట్టుకుంటారు. ఇది కాకపోతే ఇంకో పంపు ఉంది, పేట వెనకనున్న జగన్నాధం గారి గోదాములో, గేటు లోపల.

చర్చి ముందు షామియానా వేశారు. ప్లానులు వేసే కంపెనీ తరఫున బిందు అనే అమ్మాయి, పొద్దున్నే ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోలో వచ్చింది. ముఖం చెమటతో తడిసినా నవ్వు చెదరనివ్వడం లేదు. సంతకం పెట్టిన వాళ్ళకు పులిహోర పొట్లం, మజ్జిగ ప్యాకెట్టు ఇస్తున్నారు. పక్కింటి దానమ్మ అప్పటికే సంతకం పెట్టి సగం పొట్లం ఖాళీ చేసింది. అన్నమ్మ పెన్ను అందుకుని కాగితం చూసింది. కింద వరసగా ముప్పై తొమ్మిది సంతకాలు. పైన తెల్లగా ఉంది.

"పైనేటీ రాయనేదేటి పాపా?"

హాజరు పట్టీ అనీ, పైన శీర్షిక తర్వాత టైపు చేస్తారనీ, నలభై మంది లేకపోతే సభ చెల్లదనీ బిందు చెప్పింది. అన్నమ్మ మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివింది. అక్కడ నేర్పిన వాటిలో ఆమెకు ఇప్పటికీ గుర్తున్నది ఒక్కటే, పైన ఉన్నది చదివాక కింద రాయాలని. పెన్ను తిరిగిచ్చి, పులిహోర లేకుండానే వెళ్ళి కూర్చుంది.

"మీ పేట గురించి మీకన్నా ఎవరికి బాగా తెలుసండీ?" అంటూ బిందు మొదలుపెట్టింది. పటాన్ని కాగితం మీద కాకుండా నేల మీద ముగ్గుతో వెయ్యాలంది. అయిదు రంగుల పొడి సంచులు విప్పింది. ముగ్గు రాని తెలుగు ఆడది ఉండదని ఆమెకు శిక్షణలో చెప్పి ఉంటారు. మిషనుపేట సంగతి చెప్పినట్టు లేదు. ఇక్కడి ముత్తవ్వలు ముగ్గునీ బొట్టునీ ఒకే రోజున బాప్తిస్మం నీళ్ళలో వదిలేశారు. ఏడాదికోసారి, క్రిస్మసుకి, గుమ్మం ముందు సున్నంతో ఒక నక్షత్రం గీస్తారు. దాంట్లోనూ ఒక కొన ఎప్పుడూ కురచే.

దానమ్మ ధైర్యం చేసి రెండు గీతలు వేసింది. కోడి నడిచినట్టు వచ్చాయి.

"ఇలాగియ్యవే" అని ముఖ్య అతిథి కుర్చీలోంచి లేచింది పార్వతీదేవి. జగన్నాధం గారి భార్య. పెళ్ళై వచ్చి ముప్పై ఏళ్ళైనా ఆవిడ ఈ పేటలో అడుగు పెట్టడం ఇదే మొదలు. ఆవిడ వేళ్ళ మధ్య నుంచి ముగ్గు దారంలా జారింది. ఒక్కొక్కటే అడుగుతూ వేసింది. చర్చి ఏ పక్కనుందే? ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడే? అంగన్‌వాడీ మూల మీదా, మధ్యనా? ఆడవాళ్ళు ఉత్సాహంగా చెప్పారు. తమ ఇళ్ళు అంత అందంగా ఉంటాయని వాళ్ళకీ తెలియదు.

తర్వాత ఎర్ర పొడి తీసింది. ఈసారి ఏమీ అడగలేదు. గోదాము వెనక గేటు దగ్గర మొదలుపెట్టి, చర్చి గోడ తగలకుండా చిన్న వంపు తిప్పి, రెండు వరసల ఇళ్ళ మధ్య నుంచి పెద్దరోడ్డు దాకా, చెయ్యి ఎత్తకుండా లాగేసింది.

"బోరింగు మర్సిపోనారండి" అంది దానమ్మ, నోట్లో ముద్దతో.

"అదెక్కడ పెట్టాలే? చోటేదీ?" అంది పార్వతీదేవి, చేతులు దులుపుకుంటూ.

నిజమే, చోటు లేదు. బోరింగు ఉండవలసిన చోట బారెడు వెడల్పున ఎర్రగా ఉంది.

అన్నమ్మ లేచింది. "అమ్మగారూ, సర్చి ఎక్కడని అడిగినారు. అంగన్‌వాడీ ఎక్కడని అడిగినారు. రోడ్డు ఎక్కడని మాత్రం ఎవులినీ అడగనేదేటండి?"

పార్వతీదేవి, ఆడవాళ్ళ వెనకే వచ్చి షామియానా అంచున నిలబడ్డ కూర్మయ్య వైపు చూసింది. కూర్మయ్య చర్చి గంట వైపు చూశాడు. ఈ ఇబ్బంది శిక్షణలో లేనిది కాబట్టి బిందు గబగబా అందుకుంది. రోడ్డు వస్తే అంబులెన్సు నేరుగా గుమ్మంలోకి వస్తుందంది. బోరింగు పోయినా కంగారు లేదు, ఇంటింటికీ పైపు వస్తుందంది. "అది కూడా ప్లానులో ఉందండీ."

"ఏ పిలానులోనమ్మా? పిలాను మేవే ఏస్తన్నామన్నావు కదా."

బిందు నవ్వు అప్పుడు చెదిరింది. పాపం, ఆ పిల్ల అబద్ధాల్లో ఇంకా ఆరితేరలేదు. బ్యాగులోంచి సగం బయటికి వచ్చిన కాగితపు చుట్టని లోపలికి తోసింది. అందులో ఎర్ర గీత ఉందో లేదో అన్నమ్మ చూడలేదు. చూడక్కర్లేదనుకుంది.

చర్చి డాబా మీద నుంచి బిందుతో వచ్చిన ప్రమోద్ ఫోను పట్టుకుని అరిచాడు. పటం ఫోటో ఈ రోజే ఆన్‌లైనులో ఎక్కించాలి, ఒంటిగంటకు గడువు, అందరూ పటం మీంచి పక్కకు జరగండి.

అందరూ జరిగారు. దానమ్మ అన్నమ్మ చెవిలో గొణిగింది. "వదినా, నాను సంతకం ఎట్టీసినాను. తినీసిన పులిహోర ఎలాగ తిరిగిచ్చీడం?"

"పులిహోర ఉంచుకో. సంతకం ఎనక్కి అడుగు."

అంటూనే అన్నమ్మ చెప్పులు విడిచింది. పటంలోకి నడిచింది. తన ఇల్లు తొక్కలేదు, దానమ్మ ఇల్లు తొక్కలేదు. ఎర్ర రోడ్డు మీద పాదం ఆనించి ఈడ్చింది. ఒక చాలు. తిరిగి, పక్కనే ఇంకో చాలు. ఎర్ర పొడి రెండు పక్కలకూ ఒత్తుకుపోయి అడుగున మట్టి పైకి వచ్చింది. ముగ్గు రాని పేటలో మొదటిసారి ఒక గీత తిన్నగా పడింది.

"అన్నమ్మా" అన్నాడు కూర్మయ్య, గొంతు తగ్గించి. "రేపు కల్లంలోకి రావాలనుందా, నేదా?"

రోజుకు మూడు వందల యాభై చిన్న మాట కాదు.

"ఈ సగం రోజూ కోసీండి మేస్త్రీ. అలవాటే కదా. రేపటి మాట రేపు."

బోరింగు ఉండవలసిన చోటికి వచ్చి, చెంగు దులిపి, అక్కడ చతికిలబడింది. నడినెత్తిన ఎండ. నీడ ఆమె చుట్టూ మూరెడు మేర నల్లగా పడింది, సరిగ్గా ఆ పటంలో పంపు గట్టు పట్టేంత.

"అమ్మా, జరగండి" అన్నాడు డాబా మీద ప్రమోద్. "మీరు పడుతున్నారు ఫోటోలో."

"పడాలనే కూకున్నాను బాబూ. తియ్యి."

అతను తియ్యలేదు. ఫోను దించనూ లేదు. దానమ్మ పొట్లం మడిచి నడుమున దోపుకుని, బల్ల దగ్గరికి వెళ్ళి, సంతకాల కాగితం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. బల్ల అవతల అదే కాగితం అంచుని బిందు పట్టుకుని ఉంది. ఇద్దరిలో ఎవరూ ఇంకా లాగలేదు.