గడ్డిరంగు వల

చిట్టియ్య వసారాలో గొంతుక్కూర్చుని ఉచ్చులు ఒక్కొక్కటే లాగి చూస్తున్నాడు. వెదురు పట్టెకి వరసగా కట్టిన నైలాన్ దారపు ఉచ్చులవి. బిగుసుకుపోతే పిట్ట కాలు పెట్టదు, మరీ వదులైతే పెట్టిన కాలు తీసేసుకుని ఎగిరిపోతుంది. ఉమ్మితో తడి చేసుకున్న వేళ్ళతో ప్రతి ముడినీ సవరిస్తున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఎండకి మాడిన వీపు, సన్నటి పిక్కలు, ఎడమ భుజం మీద బస్తాలు మోసినప్పటి కాయ. మండపేట మిల్లులో పని మానేసి ముప్పై ఏళ్ళు దాటినా ఆ కాయ మాత్రం కరగలేదు.

ఎదురుగా నులకమంచం మీద భార్య బుల్లెమ్మ పడుకుని ఉంది. పడుకుని ఉంది అనడమే గాని, వెల్లకిలా పడుకుంటే ఆవిడకి ఆయాసం. రెండు నెలలుగా నాలుగు దిళ్ళకి ఒరిగే ఉంటోంది. కాళ్ళు నీరు పట్టి ఉబ్బాయి. గుండె పెరిగిపోయిందన్నారు డాక్టరుగారు. పోయిన వారం చిట్టియ్యని పక్కకి పిలిచి, ఇంక ఇంటి దగ్గరే ఉంచుకుని ఆవిడ ఏది తినాలంటే అది పెట్టమన్నారు. ఆ మాట అర్థం కానంత అమాయకుడు కాదు చిట్టియ్య. అయినా దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. రోజుకి నాలుగుసార్లు అడిగాడు. ఆరు రోజులు ఆవిడ ఏమీ వద్దంది. నిన్న సాయంత్రం మాత్రం, "పూరేడు పిట్టల పులుసు తినాలనుందండి," అంది.

ఇంక చిట్టియ్యకి రాత్రంతా నిద్ర పడితే ఒట్టు. పిట్టలు పట్టడం ఆయనకి కొత్త కాదు. మిల్లు మానేసిన దగ్గర్నుంచీ కోతలైన చేలల్లో పూరేళ్ళు పట్టి మండపేట హోటళ్ళకి ఇచ్చి బతికినవాడే. చేలో ఎవరికీ కనపడని పిట్ట ఆయనకి కనపడేది. ఎండు మోళ్ళ మధ్య అదే రంగులో నక్కిన పిట్టని, "అదుగో, మెడ తిప్పింది," అని చూపిస్తే పక్కవాడు కళ్ళు చికిలించుకుని చూసినా కనపడేది కాదు. అందుకో కారణం ఉంది. చిట్టియ్యకి రంగులు తెలియవు. తెలుపూ నలుపూ, పసుపూ నీలం తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ మాత్రం మూడూ ఒకటే. కాబట్టి రంగు ఆయన్ని మోసం చెయ్యలేదు. ఆయన చూసేది ఆకారాన్నీ కదలికనీ.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు పండు మిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివి కోసుకొచ్చాడని అందరూ పగలబడి నవ్వారు. ఆనాడే దాచేశాడు. మిల్లులో ఉండగా ఒక షావుకారు బస్తాలకి ఎర్రదారం, ఇంకొకరి బస్తాలకి పచ్చదారం కుట్టమంటే తారుమారు చేశాడు. లారీలు ఊళ్ళు మారిపోయాయి. మేనేజరు నిలదీస్తే, "తాగొచ్చానండి, తప్పయిపోయింది," అన్నాడు. పుట్టి బుద్ధెరిగి కల్లు కూడా ముట్టని మనిషి. తాగుబోతని పనిలోంచి తీసేస్తే తలొంచుకుని ఇంటికొచ్చాడే గాని, నిజం మాత్రం పెదవి దాటనివ్వలేదు. అంత పట్టుదల ఎందుకంటే ఏం చెబుతాం, మనిషికో పిచ్చి.

పిట్టల పనిలో కూడా రంగుతో ఒక్కచోట పేచీ వచ్చింది. పిట్టకి కనపడకుండా కూర్చోవాలంటే చాటు కావాలి. రెండు వెదురు కర్రలకి పాత చేపలవల కట్టి, దాని కన్నుల్లో గడ్డి దోపి, ఆ తెర వెనక బోర్లా పడుకోవాలి. తెర చేను రంగులో ఉండాలి. మినుము చేలో ఒకలా, ఎండు చేలో ఒకలా. మొదటి ఏడు చిట్టియ్య గడ్డి మోపులు రెండు తెచ్చి పడేసి ఎటూ తేల్చుకోలేక నిలబడితే, బుల్లెమ్మ కొంగు బిగించి వచ్చింది. "మగాళ్ళకేం తెలుస్తుంది గడ్డి దొయ్యడం, ఇలా ఇవ్వండి," అని లాక్కుంది. ఆ తర్వాత ఆ పని ఎప్పుడూ ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. ఆవిడ చాదస్తం తనకి కలిసొచ్చిందని ముప్పై ఏళ్ళుగా లోలోపల సంబరపడుతున్నాడు చిట్టియ్య.

ఇప్పుడు ఆ చేతులు గ్లాసు కూడా పట్టుకోలేవు. అందుకే నిన్న చీకటి పడకుండా సైకిలు తొక్కుకుంటూ మండపేటలో రాజమౌళిగారి బరకాల కొట్టుకి పోయాడు. ఈమధ్య ఆయన దగ్గర కొత్తరకం వలలు వచ్చాయని విన్నాడు. మిలట్రీవాళ్ళు వాడేలాంటివి, ఆకుల్లా కత్తిరించిన గుడ్డముక్కలు ముందే కుట్టేసి ఉంటాయి. గడ్డి దోపే పని లేదు.

"రెండు రకాలున్నాయండి. మట్టిరంగుదొకటి, గడ్డిరంగుదొకటి. ఏదిమ్మంటారు?" అన్నాడు రాజమౌళి.

చిట్టియ్య గుండెల మీంచి బరువు దిగింది. రంగుకి పేరు చెబితే చాలు, ఇంక కళ్ళతో పనిలేదు. ఇప్పుడు దాళ్వా పంట కోతలైపోయాయి, చేలన్నీ గడ్డే. "గడ్డిరంగుదే ఇవ్వండి," అని వల చుట్ట చంకన పెట్టుకుని వచ్చేశాడు.

ఉచ్చులు సంచిలో సర్దాక ఆ వల ఒకసారి వసారాలో పరిచి చూసుకున్నాడు. తేలిగ్గా ఉంది, చిరుగులు లేవు.

"అదేనా కొత్త వల?" అంది బుల్లెమ్మ.

"ఆఁ. గడ్డిరంగుది. అచ్చం మన చేలాగే లేదూ?"

బుల్లెమ్మ ఆ వల వంక చాలాసేపు చూసింది. ఆయన మొహం వంక ఇంకాసేపు చూసింది. "బావుందండి," అంది. "ఎండెక్కకుండా వచ్చెయ్యండి."

పక్కింటి వెంకటదుర్గని కాసేపు ఆవిడ దగ్గర కూర్చోమని చెప్పి బయల్దేరాడు.

కాలువకి నీళ్ళు కట్టేశారేమో, అడుగున బురద నెర్రెలు విచ్చి ఉంది. గట్టు దిగితే కనుచూపు మేర కోసిన చేలే. మోళ్ళు అరికాళ్ళకి గుచ్చుకుంటున్నాయి. చిట్టియ్య గట్టువార నూకలు చల్లి, వాటికి అడ్డంగా ఉచ్చుల పట్టె పరిచి, నాలుగు బారల దూరంలో వల నిలబెట్టి దాని వెనక బోర్లా పడుకున్నాడు. నాలుక అంగిలికి ఆనించి కుర్‌ర్ కుర్‌ర్ మని పిలిచాడు. కాసేపటికి దూరంగా ఒకటి బదులు పలికింది. ఇంకోటి పలికింది. మోళ్ళ మధ్య పరుగున వస్తున్న మూడు పిట్టలు కనపడ్డాయి. చిట్టియ్య ఊపిరి బిగబట్టాడు. పది బారల దూరంలో మూడూ ఠక్కున ఆగి, మెడలు చాచి వల వంక చూసి, భుర్రున లేచిపోయాయి.

చోటు మార్చాడు. మళ్ళీ అంతే. మూడోచోట పిట్టలు బదులైనా పలకలేదు. సూర్యుడు బారెడెక్కాడు. వీపు మీద చెమట కారుతోంది, మోచేతుల కింద చీమలు పాకుతున్నాయి. ముప్పై ఏళ్ళలో ఇలా ఎన్నడూ జరగలేదు. రోజూ అయితే పోనీలే అని లేచి వెళ్ళిపోయేవాడు. ఇవాళ పోనీలే అనడానికి లేదు. రేపటికి బుల్లెమ్మకి తినాలని ఉంటుందో లేదో, అసలు రేపు ఉంటుందో లేదో. మళ్ళీ నాలుక అంగిలికి ఆనించి పిలిచాడు.

అప్పుడే గట్టు మీద గడ్డి ట్రాక్టరు వచ్చి ఆగింది. డ్రైవరు అమ్మిరాజు పైనుంచి కేకేశాడు. "ఆయ్, చిట్టియ్యగారూ! ఏంటండీ అది, ఎండు చేలో పచ్చగా పందిరేశారూ? అక్కడ కాలవ మలుపు కాణ్ణుంచీ కనపడతన్నారండి!"

చిట్టియ్యకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. తనకి గడ్డి అంటే కోతలయ్యాక మేటు వేసే ఎండు వరిగడ్డి. కొట్లో కూర్చునే రాజమౌళికి గడ్డి అంటే పచ్చిగడ్డి. ఆయన తప్పేం లేదు, అడిగిందే ఇచ్చాడు.

"నీడకేశానులే, ఎండ మాడ్చేత్తంది!" అని అరిచాడు. అబద్ధం అలవాటు కొద్దీ వచ్చేసింది. అమ్మిరాజు నవ్వుకుంటూ ట్రాక్టరు పోనిచ్చాడు.

చిట్టియ్య ఆ వలని చుట్టగా చుట్టి గట్టు పక్క బోదె కాలవలోకి విసిరేశాడు. పొద్దున్న బుల్లెమ్మ దీన్ని చూసింది కదా అన్న సంగతి అప్పుడు తట్టింది. మరి బావుందని ఎందుకంది? జబ్బు మనిషి, కళ్ళు కూడా మసకలేశాయి కాబోలనుకుని ఇంకా దిగులుపడ్డాడు. కల్లం మూల మిగిలిన గడ్డి చేత్తో నలిపి చూశాడు. పెళపెళలాడింది. ఎండుదే, అనుమానం లేదు. ఇంత సులువైన ఉపాయం ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో. తలగుడ్డ తీసేసి, మోళ్ళలో పడుకుని, ఆ గడ్డి కాళ్ళ మీంచి నెత్తి దాకా కప్పుకున్నాడు. గడ్డిలో ఊపిరాడలేదు, మెడ మీద దురద మొదలైంది. ఆ వయసులో, ఆ ఎండలో, అలా కదలకుండా ఎంతసేపు ఉన్నాడో ఆయనకే తెలియదు. లేచేసరికి పట్టెలో రెండు పూరేళ్ళు చిక్కుకుని ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. వెంకటదుర్గ పిట్టలు కడిగి, మిరియాలూ అల్లం నూరి, పలచగా పులుసు పెట్టి ఇచ్చింది. మెతుకులు పిసికి అందులో కలిపి చిట్టియ్యే స్వయంగా తినిపించాడు. బుల్లెమ్మ మూడు ముద్దలు తింది. నాలుగోది వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. "కమ్మగా ఉంది," అంది. మూడు ముద్దలకే చిట్టియ్యకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

వెంకటదుర్గ గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయాక, ఆవిడ ఆయన చొక్కా మీది గడ్డిపరక తీసింది. "వల పారేశారా?" అంది.

చిట్టియ్య తడబడ్డాడు. "చిరిగిపోయిందే."

"అది పచ్చదండి."

చిట్టియ్య మంచం దగ్గరికి జరిగాడు.

"నీకెలా తెలుసు? అంటే... వల సంగతి కాదు. నా సంగతి."

"పెళ్ళయిన రెండో ఏడు అంగర నుంచి నేతచీర తెచ్చారు గుర్తుందా? ఎర్రచీర తెచ్చానే, నీ ఒంటికి బాగా నప్పుతుంది అన్నారు. అది ఆకుపచ్చదండి." ఆయాసంతో ఆగింది. "మీరంత మురిసిపోతంటే ఎలా చెప్పను? ఎర్రగా ఎంత బావుందో అని కట్టేసుకున్నాను."

"మరి ఇన్నేళ్ళూ..."

"మీరు దాచుకుంటన్నారు కదా. దాచుకున్నదాన్ని లాగడం దేనికిలే అని ఊరుకున్నాను."

"పొద్దున్నైనా చెప్పొచ్చు కదే. గంటలు గంటలు చేలో పడున్నాను."

"నోటిదాకా వచ్చిందండి. మీ మొహం చూసి ఆగిపోయాను. ఇన్నేళ్ళకి మళ్ళీ ఒక్కళ్ళే రంగు చూసి తెచ్చానని అంత సంబరంగా ఉన్నారు." ఆవిడ నవ్వబోయింది, దగ్గొచ్చింది. చిట్టియ్య వీపు నిమిరాడు. ఆయనకి సిగ్గుగా ఉంది, కోపంగా ఉంది, అన్నిటికంటే ఎక్కువగా హాయిగా ఉంది. పెళ్ళాం దగ్గర ముప్పై ఎనిమిదేళ్ళు దాక్కున్నవాడు చివరికి దొరికిపోతే ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి తెలియదు.

"ఒక్కమాట చెబుతాను, కోప్పడకండి," అంది బుల్లెమ్మ దగ్గు తగ్గాక. "నన్ను పంపించేటప్పుడు ఆ చీరే కట్టమని వెంకటదుర్గకి చెప్పాను. పెట్టె తాళంచెవి మీ మొలతాట్లో ఉంది, తీసివ్వాల్సింది మీరే. వాళ్ళు ఆకుపచ్చ చీర అని అడుగుతారు. నలుగురిలో తికమకపడకండి. పోయిన నెలలో చేతులాడినప్పుడు దాని కొంగుకి ముడేసుంచాను."

"నోర్ముయ్యి. అవేం మాటలు," అన్నాడు చిట్టియ్య. కానీ ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. పులుసు తిన్న తృప్తో ఏమో, చాలారోజుల తర్వాత నిద్రపట్టింది. చిట్టియ్య మంచం పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. పొద్దు వాలాక నీళ్ళు తాగుతావా అని అడిగాడు. పలకలేదు. మళ్ళీ అడిగాడు. ఆవిడ వేళ్ళు తన చేతిలోనే ఉన్నాయి గాని, తన చేతిని పట్టుకుని లేవు. చిట్టియ్య విసనకర్ర ఆపలేదు. వెంకటదుర్గ దీపం పెట్టడానికి వచ్చి చూసేదాకా అలా విసురుతూనే ఉన్నాడు.

ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చారు. నీళ్ళు కాచారు. పసుపు రాశారు. వెంకటదుర్గ గడప దగ్గర నిలబడి, "బాబాయ్‌గారూ, పిన్నిగారి ఆకుపచ్చ చీర తీసివ్వరా," అంది ఏడుపు ఆపుకుంటూ.

చిట్టియ్య లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాడు. కళ్ళనీళ్ళతో ఏమీ కనపడలేదు, కనపడినా ఒకటే. ఒక్కో చీర కొంగూ వెతికి పట్టుకుని అంచు వెంట వేళ్ళు జరిపాడు. మొదటిదానికి లేదు. రెండోదానికి లేదు. మూడోదానికి, అడుగున, రేగుకాయంత ముడి తగిలింది. బలం లేని చేతులు వేసిన ముడి, వదులుగా ఉంది. దాన్ని గుప్పిట్లో కాసేపు ఉంచుకుని, తర్వాత చీర తీసుకెళ్ళి వెంకటదుర్గ చేతుల్లో పెట్టాడు. "ఇదేనమ్మా," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా.

మళ్ళీ లోపలికి వచ్చి పెట్టె ముందు కూలబడ్డాడు. ఇంకా రెండు చీరలు మిగిలాయి. బుల్లెమ్మ అంచులు కలిపి మడతపెట్టినవి, కొంగులకి ముడి లేనివి.