వెతికినవారికి దొరకని పేరు

వెదకువారి మదిని వెలుగైన వాగ్దేవి!
పలుకుతల్లి! నీదు పాదమంటి
కథను చెప్పువాడ, కరుణించి కావుమా
తెలుగువారి చెవికి తీపి గాగ.

తెనాలిలో పురాణం చెప్పే శేషాచలం గారికి డెబ్బైరెండేళ్లు. బాపట్లలో గురువుగారి దగ్గర ఆయనతోపాటు చదువుకున్నవాడు రేపల్లె గోపీనాథ్. గురువుగారు గతించిన ఏడాదే ఒక పద్యం అర్థం దగ్గర మాటపట్టింపు వచ్చి మిత్రులిద్దరూ విడిపోయారు. నలభై ఏళ్లుగా గోపీనాథ్ జాడ లేదు. ఎన్నటికైనా అతని కంట పడకపోతాయా అన్న ఆశతోనే శేషాచలం గారు గురువుగారి పద్యాలన్నీ వెబ్‌సైటులో పెట్టించారు. మూడేళ్లు గడిచినా పలకరింపు లేదు.

ఆ సైటు తయారుచేసిన ప్రోగ్రామరు బిందుమాధవి ఒక ఉదయం ల్యాప్‌టాప్‌తో వచ్చింది.

"తాతగారూ, సైటులో సెర్చి బాక్సు పెట్టానుగా? ఎవరేం వెతికారో, ఏది దొరకలేదో అందులో నమోదవుతుందండి. ఎవరో 'కరుణాకర శాస్త్రి' అని మూడుసార్లు కొట్టారు. ఏమీ దొరకలేదని వచ్చింది. ఎవరండీ ఈయన?"

శేషాచలం గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మా గురువుగారమ్మా."

"అయ్యో! మరి సైటు మొత్తంలో ఆ పేరే లేదేంటండీ?"

"గురువు పేరు శిష్యుడు పలకకూడదు, రాయకూడదు. తన పేరూ అంతే. అందుకే 'శ్రీగురుదేవులు' అన్నాను."

"బాగుంది! అలా వెతికితే దేశంలోని గురువులంతా వరస కడతారు. పాపం, ఆ మనిషి నెట్‌లో పద్యం ముక్క కొట్టి మీ గుమ్మం దాకా వచ్చి, పేరు కనబడక వెనక్కి పోయాడు."

తేదీలు చూపించింది. మూడూ గురువుగారి ఆబ్దికం రోజులే. ఆ తిథి తలచుకునే శిష్యుడు లోకంలో ఇంకొక్కడే ఉన్నాడు.

శేషాచలం గారు స్నానం చేసి, దీపం పెట్టి, గురువుగారి పటానికి సాష్టాంగపడి క్షమాపణ వేడుకున్నారు. తరువాత ఆ పేరు ఒక్కొక్క అక్షరమే పలికారు. బిందుమాధవి దానిని ప్రతి పేజీ శీర్షికలోనూ చేర్చింది. అడుగున 'శిష్యుడు శేషాచలం' అని కూడా రాయించారు.

మళ్లీ ఆ తిథికి ఇంకా ఎనిమిది నెలలు. ఆయన రోజూ పంచాంగం తిప్పారు. అతడు అంతవరకు ఉంటాడా? ఉన్నా, మూడుసార్లు లేదనిపించుకున్న గుమ్మానికి మళ్లీ వస్తాడా?

ఆబ్దికం నాడు భోజనాలయ్యాక ఫోను మోగింది.

"తాతగారూ, దొరికిందండి! పేజీ కింద అడ్రసు పెట్టి ఏదో రాశారు, చదవనా?"

"చదువమ్మా."

"'శేషూ, ఆ పద్యానికి నువ్వు చెప్పిన అర్థమే సరైంది. అయినా నేను ఒప్పుకోను. ఒప్పించాలంటే నువ్వే రా.'"

శేషాచలం గారు ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నారు. "మొండివాడు! నలభై ఏళ్లయినా మారలేదు. వస్తున్నానని రాయి తల్లీ."

ఈ కథ విన్నవారందరికీ వారు వెదకే ఆత్మీయులు దొరుకుదురు గాక! వారిని పేరు పెట్టి పిలిచే గొంతు ఒక్కటైనా ఎల్లకాలం నిలుచు గాక!