నడిపాపిడి

"దువ్వెనమ్మా దువ్వెనమ్మా, దారి చూపవే... అటు దారి అమ్మమ్మ ఇంటికి, ఇటు దారి..." ఇటు దారి ఎక్కడికో మర్చిపోయాను. చిన్నప్పుడు మా అమ్మ జడ వేస్తూ పాడేది.

మా చెల్లెలి కొడుక్కి ఆ పాట నేనే నేర్పాను. వాడిది వీధి మలుపులో జుట్టు కత్తిరించే కొట్టు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, నీళ్ల సీసా నింపి, కత్తెరకి చుక్క నూనె వేసేవాడు. నేను వెనక గదిలో తువాళ్లు మడతపెట్టేదాన్ని.

ఎన్నికలొస్తే మా ఊళ్లో పాపిడి దానంతటదే జరుగుతుంది. గరిటె పార్టీ వాళ్లకి ఎడమకి, గొడుగు పార్టీ వాళ్లకి కుడికి. ఎంత దువ్వినా మారదు. మావాడికి మాత్రం నడినెత్తిన, ముక్కుకి సూటిగా.

"పోయినసారి గరిటె, అంతకుముందు గొడుగు. సిగ్గులేదురా నీకు?" అనేవాడు పక్కన చెప్పులు కుట్టే మామ.

"సిగ్గెందుకు మామా? రోడ్డేసినవాడికి ఓటేశాను. గుంతలు పడ్డాక మానేశాను."

ఆ ఏడాది ఎన్నికలకి మాత్రం నవ్వులు ఆగిపోయాయి. పాపిడి చూసి కొట్టడం మొదలైంది. టోపీ పెట్టుకుంటే, ఏదో దాస్తున్నాడని మరీ కొట్టారు. చెప్పుల మామ చెయ్యి విరిచారు.

"గుండు గీసుకోరా నాయనా," అని బతిమాలాను.

"గుండు చూస్తే రెండు పార్టీలవాళ్లూ కొడతారు పెద్దమ్మా."

ఓటుకి ముందురోజు సాయంత్రం గరిటె వాళ్ల పెద్ద వచ్చాడు. మనుషుల్ని గుమ్మం బయట నిలబెట్టి కుర్చీలో కూర్చున్నాడు. నేను తువాలు పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను.

"గడ్డం గీయి. రేపటికి నీ పాపిడి ఎడమకి రాకపోతే ఈ కొట్టూ ఉండదు, నువ్వూ ఉండవు."

మావాడు నురగ రాశాడు. "మనసు కుదిరితేగాని అది కదలదన్నా. బడి కడతామని మీరు కట్టలేదు. గొడుగు వాళ్లు కట్టారు, అది కారుతోంది. ఎలా తేల్చుకోను? మీ పాప ఎక్కడ చదువుతోంది?"

పెద్ద అద్దంలోకి చూస్తున్నాడు. గడ్డిలో ఏదో పాకుతున్నట్టు అతని జుట్టు మెల్లగా కదిలింది. పాపిడి నడినెత్తికొచ్చి ఆగింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మం వైపు ఓరగా చూశాడు. మావాడు నా చేతిలో తువాలు లాక్కుని అతని తల మీద కప్పేశాడు.

"గుండు కొట్టు," అన్నాడు పెద్ద, పెదవి కదపకుండా. "వాళ్లు చూడకముందే."

నున్నటి తలతో బయటికొచ్చిన పెద్దని చూసి మనుషులు నోళ్లు తెరిచారు. అన్న చేశాడంటే ఏదో ఎత్తు ఉంటుందని వాళ్లూ వరసగా కుర్చీ ఎక్కారు. అది విని, పైఎత్తు వేద్దామని గొడుగు వాళ్లూ పొద్దున్నే వచ్చి గుండు కొట్టించుకున్నారు. ఎవరిని కొట్టాలో ఎవరికీ తెలియలేదు. కొట్టు జోలికి ఎవరూ రాలేదు.

వీధి మొత్తం మీద పాపిడి మిగిలిన మగాడు మావాడొక్కడే. వాడు షట్టర్ దించి ఓటుకి బయల్దేరాడు. ఎదురుగా గరిటె వాళ్ల పెద్ద తన గుండు తడుముకుంటూ పక్కకి జరిగి దారిచ్చాడు.

"ఇంతకీ ఎవరికేస్తావురా?" అనడిగాను.

"ఇంకా తేలలేదు పెద్దమ్మా. నడుస్తూ ఆలోచిస్తాను."