పదకొండో వరుసలో నా పేరు

నేను చచ్చిపోయి ఇరవై ఏడేళ్లయింది. నమ్మకం లేకపోతే ఆ గుట్ట ఎక్కి చూసుకోండి. రాతి పలక మీద పదకొండో వరుసలో నా పేరు, దళం నంబరు, పోయిన తేదీ చెక్కి ఉంటాయి. పలక వెనకాల నాకో సమాధి కూడా ఉంది. శత్రువుకు పట్టుబడి, పద్నాలుగు నెలలు చెరలో ఉండి నేను ఇల్లు చేరేసరికి ఇదంతా జరిగిపోయింది. మా అమ్మ నా బట్టలన్నీ పంచిపెట్టేసింది. వీధి మొదట్లో నాకు ఎదురైన మా మేనమామ ఒంటి మీద ఉన్నది నా చొక్కాయే. పేరు తీసేయమని ఆఫీసులో అర్జీ ఇస్తే పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు, పాపం.

ఏటా నేను పోయానన్న ఆ పోరు జరిగిన తేదీన గుట్ట మీద సభ పెడతారు. మా పట్నం నుంచి ఒక బస్సు వెళ్తుంది. ముందు పెద్ద అధికారి మాట్లాడతాడు, ఆయన రాకపోతే ఆయన పంపిన పూలగుత్తి వస్తుంది, అదే నయం. తర్వాత అక్కడి కాపలాదారు పలక మీది పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. పేరు వినబడగానే ఆ ఇంటివాళ్లు లేచి "ఉన్నాం" అనాలి. ఎవరు మొదలుపెట్టారో గానీ అదే ఆనవాయితీ అయింది. నా పేరు వచ్చినప్పుడు నేనే లేచి "ఉన్నాను" అంటాను. అందరూ నవ్వుతారు. ఏడవడానికి వచ్చినవాళ్లకు ఆ కాస్త నవ్వు మంచిదేనని కాపలాదారు కూడా అనేవాడు. నేనేదో పుణ్యం చేస్తున్నట్టు పొంగిపోయేవాణ్ణి.

బస్సులో నా పక్క సీటు పెద్దమ్మది. అందరికీ ఆమె పెద్దమ్మ, నేను మాత్రం అమ్మా అంటాను. ఆమె కొడుకూ నేనూ ఒకే కందకంలో ఉండేవాళ్లం. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, అందుకని అతణ్ణి కొంగ అనేవాళ్లం. కొంగ పేరు పలక మీద లేదు. ఆచూకీ తెలియనివాళ్ల జాబితాలో ఉంది. అంచేత సభలో ఎవరూ అతని పేరు చదవరు. చదవలేదు కాబట్టి పోలేదు, పోలేదు కాబట్టి వస్తాడు, ఇదీ ఆమె ధీమా. మొదటిసారి గుట్ట మీద నన్ను చూసినప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని, చచ్చాడన్న నువ్వే వచ్చావు, నా కొడుకు రాకుండా ఎక్కడికి పోతాడు అంది. ఆ తర్వాత నా పెళ్లిలో ముందు వరుసలో కూర్చుంది. నా కూతురికి పేరు పెట్టింది ఆమే.

ఈసారి బస్సు పట్నం దాటగానే సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. ఆచూకీ తెలియనివాళ్ల జాబితాను ఈ ఏడాదితో మూసేస్తున్నారట. మనిషి పోయినట్టే అని ఇంటివాళ్లు సంతకం పెట్టి సభ దగ్గరే ఇస్తే పేరు పలకకు ఎక్కుతుంది. పెట్టకపోతే ఇక ఎక్కడా ఉండదు. ఆమె వారం రోజులుగా నిద్రపోలేదని కళ్లు చూస్తేనే తెలుస్తోంది.

"పెడితే నా చేత్తో నేనే వాణ్ణి చంపినట్టు," అంది. "పెట్టకపోతే వాడు పుట్టనే లేదన్నట్టు. వాడితో చివరిదాకా ఉన్నది నువ్వే. పెట్టమంటే పెడతాను. చెప్పు నాయనా."

నేను కాగితాన్ని మడిచిన మడతల్లోనే మళ్లీ మడిచాను. గుట్ట దగ్గర చెబుతానన్నాను. దారి పొడుగునా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పాలి.

నేను దర్జీని. పటాలంలోనూ అదే పని. మెడలో వేసుకునే పేరు బిళ్లలు మా దళానికి అందలేదు, అందుకని అందరి కోట్లకూ కాలరు లోపల పేర్లు కుట్టమన్నారు. కుట్టాను. నా కోటుకైతే రెండు వరుసలు గట్టిగా వేసుకున్నాను, సొంత పని కదా. చలి ముదిరేనాటికి కొంగ కోటు నిప్పుకు కాలిపోయింది. ఇద్దరికీ నాదొక్కటే మిగిలింది. ఎవరు కాపలాకు పైకి వెళ్తే వాళ్లు కోటు తొడుక్కోవాలి, ఇది మా ఒప్పందం. ఆ తెల్లవారుజామున వంతు నాది. ఒళ్లు వెచ్చగా ఉందని, పడుకోమని, వాడే కోటు తొడుక్కుని వెళ్లాడు. గుండు సరిగ్గా కాపలా చోటు మీదే పడింది. నన్ను ఒట్టి చొక్కాతో కందకంలో పట్టుకున్నారు. గుర్తుపట్టడానికి పైన మిగిలింది కాలరు ఒక్కటే. నా కుట్టు ఊడలేదు మరి.

తిరిగొచ్చి నా సమాధి చూసిన రోజే అందులో ఉన్నది ఎవరో అర్థమైంది. చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడే ఆమె నా చేతులు పట్టుకుంది. వచ్చే ఏడు చెప్పొచ్చులే అనుకున్నాను. వచ్చే ఏడూ అదే అనుకున్నాను. ఆమె గుండె పగిలిపోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా వంతుకు వాడు వెళ్లాడని ఆమెకు తెలుస్తుందని భయపడ్డాను.

సభ మొదలయ్యే ముందు ఆమెను పలక వెనక్కి తీసుకెళ్లి నా సమాధి పక్కన నిలబెట్టాను. కోటు సంగతీ, వంతు సంగతీ, అన్నీ చెప్పాను. ఆమె వంగి సమాధి రాయిని అరచేత్తో రెండుసార్లు తడిమింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి ఏడాది నుంచీ తెలుసమ్మా."

ఆమె తలాడించి కుర్చీల దగ్గరికి నడిచింది. చెయ్యి అందించబోతే అందుకోలేదు. కాపలాదారు పేర్లు మొదలుపెట్టాడు. పదో వరుస అయింది. నా పేరు చదివాడు. అందరూ అలవాటుగా నావైపు తిరిగారు, ముందు వరుసలో ఒకరు అప్పుడే నవ్వు మొదలుపెట్టారు. నేను లేవలేదు. వినబడలేదేమోనని కాపలాదారు మళ్లీ చదివాడు.

పెద్దమ్మ లేచింది. "ఉన్నాం," అంది.

నవ్వు ఆగిపోయింది. ఆమెకు మతి తప్పిందేమో అన్నట్టు కొందరు చూశారు. కాపలాదారు తడబడి తర్వాతి పేరుకు వెళ్లాడు. ఆమె కూర్చుని, నావైపు చూడకుండానే, నాకు మాత్రం వినబడేలా అంది.

"పాతికేళ్లు ఈ పేరు పిలిచినప్పుడల్లా నేనూ నవ్వానురా. నా బిడ్డ అక్కడ పడుకుని ఉంటే, నీ పక్కన కూర్చుని నవ్వాను."

తిట్టినా, కొట్టినా భరించేవాణ్ణి.

సభ అయ్యాక ఆమె కాగితాలు తీసుకునే గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లి కాగితం మీద సంతకం పెట్టింది. నేనూ వెళ్లి, పదకొండో వరుసలో ఉన్నది కొంగ అని, కావాలంటే వాంగ్మూలం రాసిస్తానని చెప్పాను. గుమాస్తా నా పేరు అడిగి, జాబితాలో చూసుకుని, మీరు చనిపోయినట్టుందే అన్నాడు. రాసుకోమన్నాను. తిరుగు ప్రయాణంలో ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

బస్సు దిగాక, ఇంకా వెలుతురు ఉన్నా, ఏటా వెళ్లినట్టే ఆమె ఇంటిదాకా వెనకే నడిచాను. వద్దనలేదు, రమ్మనలేదు. కొడుకు ఏ వేళప్పుడు వచ్చినా తట్టే పని లేకుండా తలుపు దగ్గరగా వేసి పడుకుంటానని ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. దొంగలు పడతారమ్మా అంటే, పడనీ, నా కొడుకు బయట నిలబడకూడదు అనేది. ఆమె లోపలికి వెళ్లింది. తలుపు మూసింది. పాతికేళ్లుగా కదలని గడియ ఒక పట్టాన పడలేదు. లోపల ఆమె రెండు చేతులతో దాన్ని నెడుతున్న చప్పుడు వింటూ, అది పడేదాకా నేను మెట్ల కింద నిలబడ్డాను.